అంగల్గాక్ రెండో తుపాకీ

ఉత్తరపు మంచు దేశంలో, నది సముద్రంలో కలిసే చోటికి పది మైళ్ళ ఎగువన ఉన్న ఆ ఊళ్ళో ఎవరి తుపాకీ మొరాయించినా నికిఫర్ ఇంటికే వచ్చేది. ఆయన ఆ పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పడవ మోటార్లూ, మంచు బండ్లూ, కుట్టుమిషన్లూ విప్పడం, మళ్ళీ బిగించడం, బిగించాక చేతిలో మిగిలిపోయిన మర ఎక్కడిదో మూడు రోజులు ఆలోచించడం, అలా అబ్బిన విద్య అది. అరవై ఆరేళ్ళు నిండాయి. కుడికంటికి పొర కమ్మింది. అయినా తుపాకీ లోపలి భాగాలను ఆయన చూసేది కళ్ళతో కాదు, బొటనవేలి గోటితో.

తెచ్చినవాడు జబ్బు ఏమిటో చెప్పబోతే వినేవాడు కాదు. "నువ్వు చెప్పకు, అదే చెబుతుంది," అని, తూటాను లోపలికి నెట్టి మూసే గడియ, బోల్టు, ఊడదీసి లోపల చమురు ఉందేమోనని గుడ్డ పీలిక దూర్చి చూసేవాడు. గుడ్డకు చమురు అంటిందా, ఆ మనిషికి ఆ ఇంట్లో టీ కూడా పుట్టేది కాదు. చలికాలంలో చమురు జిగురవుతుంది, జిగురు గట్టిపడుతుంది. ఆయన పెట్రోలుతో కడిగి, ఆరబెట్టి, పెన్సిలు ముల్లు గీకిన పొడి చల్లి బిగించేవాడు. తిరిగి ఇచ్చే ముందు ఇంకో పని చేసేవాడు. తుపాకీని ఒక రోజంతా చలిలో ఉంచి, ఖాళీ బోల్టును ఇరవైసార్లు మూసి తెరిచేవాడు. ప్రతిసారీ తల వంచి చెవి ఆనించి వినేవాడు. తూటా వీపు మీద కొట్టి పేల్చే సూదిని పట్టి ఆపే చిన్న కొక్కెం లోపల ఒకటుంటుంది. అది సూదిని పట్టుకున్న చప్పుడు ఇరవైసార్లూ వినపడితేనే తుపాకీ గడప దాటేది. పందొమ్మిదిసార్లు వినపడితే మళ్ళీ విప్పేవాడు. ముసలాడి చాదస్తం అనుకునేవారు.

ఆ ఊళ్ళో తుపాకులు ఇంట్లోకి రావు. ప్రతి ఇంటి ముందూ పొయ్యి వేడి తగలని వసారా ఒకటి ఉంటుంది. ఎండు చేపలు, సీలు అనే సముద్ర జంతువు నూనె డబ్బాలు, బూట్లు, తుపాకులు అన్నీ అక్కడే. చలిలో ఉన్న ఇనుమును వెచ్చటి గదిలోకి తెస్తే చెమట పోస్తుంది. ఆ చెమటతోనే మళ్ళీ బయటికి తీసుకుపోతే లోపల మంచు కడుతుంది. ఈ సంగతి ఆ ఊళ్ళో పిల్లలకు నడకతో పాటు తెలుస్తుంది.

నికిఫర్ భార్య పోయి పదేళ్ళు. కూతురు అగ్రఫినా బడిలో వంట చేస్తుంది. అల్లుడు చేపల డబ్బాల ఫ్యాక్టరీలో పనికని వెళ్ళి అక్కడే ఇంకో ఇల్లు పెట్టుకున్నాడు. మిగిలింది మనవరాలు, పదేళ్ళ పిల్ల. బడి పుస్తకంలో పేరు తెక్లా. ఊళ్ళో పేరు అంగల్గాక్.

అంగల్గాక్ అన్నది నికిఫర్ తమ్ముడి పేరు. నలభై ఒక్క ఏళ్ళ కిందట, వసంతంలో సీలు వేటకు పోయి, మంచు అంచున తుపాకీ పేలి చచ్చిపోయాడు. బండిలోంచి తుపాకీని మూతి పట్టుకుని లాగాడనీ, కాల్చే మీట దేనికో తగులుకుని గుండెల్లో పేలిందనీ ఊరంతటికీ తెలుసు. పక్కన ఉన్నది నికిఫర్ ఒక్కడే, అందరికీ చెప్పిందీ అతనే. అలా పోయినవాడి పేరు పెట్టడానికి ముప్పై ఏళ్ళు ఎవరికీ చెయ్యి రాలేదు. తెక్లా పుట్టిన వారానికి తమ్ముడి భార్య పరాస్కో వచ్చి, పసిదాని నోట్లో రెండు చుక్కల నీళ్ళు వేసి, ఆ పేరుతో పిలిచింది. పిల్ల ఏడుపు ఆపిందట. పేరు వచ్చిందంటే మనిషి వచ్చినట్టే. ఆ రోజు నుంచి ఆ పిల్ల నికిఫర్‌కు మనవరాలూ, తమ్ముడూ కూడా.

"తమ్ముడూ, నా కళ్ళజోడు ఎక్కడ పెట్టావురా?" అని అడిగేవాడు. పిల్ల మాత్రం తాతా అనే పిలిచేది. పరాస్కో మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. ఏటా ఆ పిల్లకు కొత్త తోలు కోటు కుట్టేది. బడి నుంచి తడి బూట్లతో వస్తే వాకిట్లోనే ఆపి, "మా ఆయనకు కాళ్ళు చల్లబడ్డాయి, ఎవరైనా పొడి మేజోళ్ళు ఇవ్వండమ్మా," అని అగ్రఫినాను కేకేసేది. అందరూ నవ్వేవారు. అది ఉత్త నవ్వులాట కాదని కూడా అందరికీ తెలుసు.

ఆ ఏడు శరదృతువులో నికిఫర్ కుడికన్ను పూర్తిగా పోయింది. ఎడమ భుజానికి ఆనించి కాల్చబోతే తూటా పోయి ఒడ్డున పడున్న దుంగలకు తగిలింది. ఇంట్లోకి మాంసం తెచ్చే మనిషి ఇంకొకరు లేరు. అగ్రఫినా మూడో రోజు తండ్రికి అన్నం పెడుతూ, పిల్లకు తుపాకీ చూడమంది.

మూడు తుపాకులు వచ్చాయి. మొదటిది పట్నం నుంచి విమానంలో వచ్చిన గులాబీ రంగు ప్లాస్టిక్‌ది. నికిఫర్ దాన్ని ఒకసారి ఎత్తి చూసి కింద పెట్టాడు. రెండోది పక్కింటివాళ్ళది, మీట నొక్కినప్పుడల్లా ఒకటి చొప్పున వరసగా పది తూటాలు పేల్చేది. పిల్లలందరికీ మోజు దాని మీదే. ఒక తూటా పేలితే రెండోది తనంతట తనే ఎక్కి కూర్చుంటుంది, లోపల తూటా ఉందని మరిచిపోవడానికి అది చాలునని దాన్నీ వెనక్కి పంపాడు. మూడోది చర్చిలో దీపాలు వెలిగించే ముసలామె ఇంట్లో దొరికింది. పాతది, ఒక్క తూటాది. బోల్టు మూసినంత మాత్రాన అది సిద్ధం కాదు. మూశాక వెనక ఉన్న గుండ్రటి పిడిని వేళ్ళతో పట్టుకుని వెనక్కి లాగాలి. అప్పుడే సూది లేస్తుంది. చేతితొడుగు వేసుకుని కూడా ఆ పిడి లేచిందో లేదో తడిమి తెలుసుకోవచ్చు.

దానిని చూసి నికిఫర్ మేనత్త కొడుకు మాక్సీ పగలబడి నవ్వాడు. వాళ్ళిద్దరూ పుట్టినప్పటి నుంచీ ఒకరినొకరు వేళాకోళం చేసుకుంటూనే ముసలివాళ్ళయ్యారు. మనిషి తప్పు చేస్తే బావ వరసవాడే ఎగతాళి చేసి దిద్దాలి, అది అక్కడి పద్ధతి. వేరేవాళ్ళంటే కోపం వస్తుంది, బావ అంటే రాకూడదు. తమ్ముడి పేరు పెట్టుకున్నందుకు పిల్ల కూడా మాక్సీకి బావే.

"ఒరేయ్ ఒంటికన్నూ, నా బావకు ఇదా ఇచ్చేది? ఆ పిడి లాగేలోపు పిట్ట గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లల్ని బడికి పంపుతుంది."

"బడికెళ్ళిన పిట్టల్ని కొట్టం. చదువుకోని నీలాంటివాటినే కొడతాం," అన్నాడు నికిఫర్.

ఎందుకు అదే ఎంచుకున్నాడో ఎవరికీ చెప్పలేదు. పిల్లను మోచెయ్యి మడిచి నిలబడమన్నాడు. తుపాకీ మడమను, అంటే భుజానికి ఆనే వెనక చెక్కను, మోచేతి మడతలో ఆనిస్తే చూపుడువేలు మీట దాకా రాలేదు. మడమ చెక్కను రెండు వేళ్ళ వెడల్పు కోశాడు. మళ్ళీ ఆనించి చూసి, తోలు కోటు మందం లెక్కలోకి తీసుకుని, ఇంకో అర వేలు కోశాడు. కోసిన చోట నునుపు చేసి సీలు తోలు మేకులతో బిగించాడు. మీట చుట్టూ ఉన్న ఇనుప వలయంలో చేతితొడుగు ఇరుక్కోకుండా ఆకురాయితో అరగదీశాడు. పది రోజుల పని. ఆ పది రోజులూ పిల్ల పక్కనే కూర్చుని చూసింది.

పాఠాలు మొదలుపెట్టినప్పుడు మూడు వారాలు తూటా ముట్టనివ్వలేదు. ఊరి వెనక మంచు మైదానంలో ఆ పిల్ల ఖాళీ తుపాకీ పట్టుకుని ఆయనకు ఒక అడుగు ముందు నడిచేది. ఆయన ఉన్నట్టుండి "ఆగు" అనేవాడు. మూతి ఎటుందో కళ్ళు తిప్పకుండా చెప్పాలి. తప్పితే ఆ పూటకు పాఠం సరి, ఇంటికి పోవడమే. గురి సంగతి ఎత్తనేలేదు. మొట్టమొదట నేర్పింది బోల్టు మూయడం. మూసే ముందు చూడాలి, మూస్తూ చూడాలి, మూశాక చూడాలి. తుపాకీ పేలేది మీట నొక్కితేనే అనుకోకూడదు. మూసేటప్పుడే పేలుతుందనుకుని మూయాలి.

"మూస్తే ఎందుకు పేలుతుంది తాతా? ఇది పిడి లాగితే కదా."

"రేపు నీ చేతికి వేరే తుపాకీ రావచ్చు. అన్నీ ఇలాంటివి కావు," అన్నాడు.

పిల్ల బాగా నేర్చుకుంది. ఫిబ్రవరి చివర్లో రేకు డబ్బాను యాభై అడుగుల నుంచి కొట్టింది. ఆ ఆదివారం చర్చి అయ్యాక నికిఫర్ ఇంట్లో సీలు పులుసు పెట్టారు. పరాస్కో వచ్చింది, మాక్సీ వచ్చాడు. మాక్సీ ముక్క కొరుకుతూ పిల్ల వైపు తిరిగాడు.

"ఏం బావా, డబ్బాల్ని చంపేస్తున్నావట. ఈసారైనా మూతి పట్టుకుని లాగకేం. పోయినసారి లాగి మా వేట చెడగొట్టావు. ఆ ఏడు నాకు సీలు తోలు బూట్లే లేవు."

అందరూ నవ్వారు. పరాస్కో కూడా నవ్వి, ఆయనకు మొదటి నుంచీ తొందర ఎక్కువనీ, పులుసు కూడా నోరు కాల్చుకోకుండా తిన్న రోజు లేదనీ చెప్పింది. నికిఫర్ కొంచెం ఆలస్యంగా నవ్వాడు. పిల్ల నవ్వలేదు. పులుసు ఊదుకుంది. చాలాసేపు ఊదుకుని, తినకుండానే గిన్నె కింద పెట్టింది.

మర్నాడు మైదానంలో బోల్టు మూయబోయి ఆగింది. తుపాకీ ఆయన చేతికి ఇచ్చేసింది.

"నేను పట్టుకోను తాతా."

"చెయ్యి చల్లబడిందా?"

"కాదు. నాకు తొందర. అప్పుడే రాలేదు నాకు, ఇప్పుడేం వస్తుంది? నన్ను నేనే చంపుకున్నాను కదా."

నికిఫర్ బోల్టు తెరిచి తుపాకీని భుజాన వేసుకున్నాడు. ఇద్దరూ ఇంటికి నడిచారు.

నలభై ఒక్క ఏళ్ళ కిందట మంచు అంచున జరిగింది ఇది. నికిఫర్‌కు అప్పుడు ఇరవై అయిదేళ్ళు. ఆ చలికాలం సైన్యంవాళ్ళు ఊళ్ళ కుర్రాళ్ళను పట్నం తీసుకుపోయి రెండు నెలలు శిక్షణ ఇచ్చారు. అక్కడ తుపాకులు వెచ్చటి హాల్లో వరసగా నిలబడి ఉండేవి. రోజూ సాయంత్రం చమురు పెట్టి తుడిస్తే అద్దంలా మెరిసేవి. ఊరికి వచ్చి వసారాలో తుప్పు చుక్కలు పడ్డ తమ్ముడి తుపాకీని చూస్తే ఆయనకు సిగ్గనిపించింది. వేటకు ముందు రోజు దాన్ని ఇంట్లోకి తెచ్చి, చమురు ధారాళంగా పోసి, పొయ్యి వెనక నిలబెట్టాడు. తండ్రి ఊళ్ళో లేడు. పొద్దున్నే అంగల్గాక్ దాన్ని చూసి, పెళ్ళికూతుర్ని చేశావు కదన్నా అని నవ్వాడు. నికిఫర్ పైనున్న చెమట తుడిచాడు. లోపలిది ఎవరు చూశారు?

మంచు అంచుకు చేరేసరికి పది గంటలైంది. కుక్కల్ని కట్టేసి, తోలు పడవను మంచు మీద లాక్కుంటూ అంగల్గాక్ ముందు నడుస్తున్నాడు. మోకు అతని భుజం మీద ఉంది. తుపాకీ, వెనక నడుస్తున్న నికిఫర్ చేతుల్లో ఉంది. నల్లటి నీళ్ళలో సీలు తల లేచింది. నికిఫర్ బోల్టు తెరిచి తూటా పెట్టాడు. ఆ చప్పుడికి అంగల్గాక్ వెనక్కి తిరిగాడు, అప్పుడే నికిఫర్ బోల్టు మూశాడు. నికిఫర్ వేలు మీట మీద లేదు. లోపల కొక్కెం మంచులో కూరుకుని సూదిని పట్టుకోలేదు. బోల్టుతో పాటే సూదీ వచ్చి తూటా వీపు మీద పడింది, తుపాకీ పేలింది. అంగల్గాక్ మోకు వదలకుండానే కూర్చున్నాడు.

ఊరి ఒడ్డున ఎదురొచ్చినవాళ్ళు ఏమైందని అడిగారు. బండిలోంచి మూతి పట్టుకుని లాగాడు అన్న మాట ఆయన నోట్లోంచి వచ్చేసింది. అంతకు రెండేళ్ళ ముందు పై ఊళ్ళో ఒకడు అలాగే పోయాడు. ఆ మాట సిద్ధంగా దొరికింది. తర్వాత ఊరు దాన్ని తీసుకుంది, ఇక అది ఆయనది కాదు. ఒక్క తండ్రి మాత్రం ఇంటికి వచ్చాక తుపాకీ తీసుకుని బోల్టు తెరిచి, లోపల వేలు పెట్టి, వాసన చూశాడు. నికిఫర్ వైపు చూశాడు. వెళ్ళి దాన్ని నది మంచుకు కొట్టిన కన్నంలో వదిలేశాడు. ఆ తర్వాత ఆరేళ్ళు బతికాడు, ఆ ఊసు ఎత్తలేదు. నికిఫర్ అప్పటి నుంచే ఊళ్ళోవాళ్ళ తుపాకులు విప్పడం మొదలుపెట్టాడు.

పిల్ల రెండు వారాలు తుపాకీ వైపు చూడలేదు. చేపలు కోసే కత్తి కూడా ముట్టడం మానేసింది. తన చెయ్యి మంచిది కాదని తల్లితో అందట. పోనీలే నాన్నా, చదువుకుని టీచరవుతుందిలే అని అగ్రఫినా సర్దుకోబోయింది. నికిఫర్ తల ఊపాడు. చెప్పకుండా గడిచిపోతుందేమోనని ఆయనకూ ఒక ఆశ ఉండింది.

మార్చి రెండో వారంలో పరాస్కో ఎండు చేపల కట్ట పట్టుకుని వచ్చింది. ఆమె ముఖం కొత్తగా ఉంది. చేపలు బల్ల మీద పెట్టి కూర్చుంది.

"బావగారూ, మీ తమ్ముడు నిన్న బడి అయ్యాక నా దగ్గరికి వచ్చాడు. తలుపు దగ్గరే నిలబడి, నిన్ను ఒంటరిదాన్ని చేశాను, తొందరపడ్డాను, క్షమించు అన్నాడు. నలభై ఏళ్ళు ఎదురుచూశాను ఈ మాట కోసం. ఇవాళ పొద్దున లేస్తే ఒళ్ళు తేలిగ్గా ఉంది."

నికిఫర్ ఆమెకు టీ పోశాడు. కప్పు నిండి బల్ల మీదికి కారింది. ఆదివారం మధ్యాహ్నం రమ్మన్నాడు, మాక్సీని కూడా తీసుకురమ్మన్నాడు.

శనివారం ఆయన తన సొంత సీలు తుపాకీని ఇంట్లోకి తెచ్చాడు. అగ్రఫినా పొయ్యి దగ్గర నుంచి చూసి, నాన్నా నీకు మతి పోయిందా అంది. ఆయన జవాబు చెప్పకుండా బోల్టులో చమురు పోసి, పొయ్యి వెనక నిలబెట్టాడు. ఆదివారం తెల్లవారాక పైన తుడిచి బయట పెట్టాడు. తూటాలు మళ్ళీ నింపుకునే పనిముట్లు ఆయన దగ్గర ఉన్నాయి. ఖాళీ గుళికలు మూడు తీసి, మందూ గుండూ లేకుండా, వెనక నిప్పు రగిలించే చిన్న టోపీలు మాత్రం దిగ్గొట్టాడు.

మధ్యాహ్నం నలుగురినీ వాకిట్లో తన వెనక నిలబెట్టాడు. మూతి నది గట్టు వైపు పెట్టాడు. కుడిచెయ్యి బోల్టు మీద ఉంది, ఎడమచెయ్యి కింద చెక్క పట్టుకుంది.

"నా వేళ్ళు చూడండి," అన్నాడు.

మొదటి గుళిక పెట్టి బోల్టు మూశాడు. ఏమీ కాలేదు. తీసి మంచులో పడేశాడు. రెండోది మూశాడు. ఏమీ కాలేదు.

"ఇది చూడ్డానికా చలిలో నిలబెట్టావు? నా పళ్ళు ఇంతకంటే చప్పుడు చేస్తున్నాయి," అన్నాడు మాక్సీ.

మూడోది మూశాడు. టప్పుమని పేలింది. మూతిలోంచి సన్నటి పొగ వచ్చింది. ఆయన వేళ్ళు మీటకు బెత్తెడు దూరంలో ఉన్నాయి.

నికిఫర్ తుపాకీ తెరిచి మంచు మీద పడుకోబెట్టి వెనక్కి తిరిగాడు.

"అంగల్గాక్ మూతి పట్టుకుని లాగలేదు. వాడు ముందు పడవ లాగుతున్నాడు. తుపాకీ నా చేతిలో ఉంది. ముందు రోజు ఇంట్లోకి తెచ్చి చమురు పెట్టింది నేను. బోల్టు మూసింది నేను. మూతి వాడి మీద ఉంది."

మాక్సీ నోట్లోంచి ఆవిరి వస్తూ ఉంది. అగ్రఫినా పిల్ల భుజాలు పట్టుకుంది. పరాస్కో చేతితొడుగు తీసి, మళ్ళీ వేసుకుని, మళ్ళీ తీసింది.

"నేను ఆయన్ని తిట్టాను," అంది చివరికి. "చచ్చిపోయినందుకు తిట్టాను. పెట్టె దించుతుంటే తిట్టాను, చేతకానివాడా అని. మీరు పక్కనే నిలబడి విన్నారు బావగారూ."

"విన్నాను."

"ఏటేటా తిట్టాను. మీరు విన్నారు."

"విన్నానమ్మా."

ఆమె పిల్ల వైపు తిరిగింది. వంగి, పిల్ల ముఖం దగ్గరగా ముఖం పెట్టింది.

"నాకు చెప్పావే, ఆ మాట వెనక్కి తీసుకో. అది నువ్వు చెప్పాల్సింది కాదు."

పిల్ల తల ఊపింది. "తీసుకున్నాను," అంది.

పరాస్కో నడిచి వెళ్ళిపోయింది. గట్టు దాకా వెళ్ళాక ఒకసారి నిలబడి, మళ్ళీ నడిచింది. ఆమెకు దొరికిన ఆ ఒక్క తేలిక వారం కూడా నిలవలేదు. దాన్ని తీసుకున్నది కూడా తనేనని నికిఫర్‌కు తెలుసు. మాక్సీ తలపాగాలా చుట్టుకున్న కండువా సర్దుకుంటూ చాలాసేపు మంచులో పడి ఉన్న గుళికల్ని చూశాడు.

"వస్తానండీ నికిఫర్ గారూ," అన్నాడు.

అరవై ఏళ్ళలో ఆయన ఆ మాట అనడం అదే మొదటిసారి. ఆ తర్వాత ఎప్పుడు కనపడ్డా అలాగే అన్నాడు. ఆవిరి స్నానపు గదిలో ఎదురుపడితే పక్కకు జరిగి చోటు ఇచ్చేవాడు. ఒంటికన్నూ అని ఇంకెవరూ పిలవలేదు. ఊరికి సంగతి తెలియడానికి రెండు రోజులు పట్టింది. తుపాకులు మాత్రం వస్తూనే ఉన్నాయి. తెచ్చినవాళ్ళు వసారాలో ఆనించి, తలుపు కొట్టకుండా వెళ్ళిపోయేవారు. తీసుకుపోయేవాళ్ళు అలాగే తీసుకుపోయేవారు.

నాలుగో రోజు పిల్ల బడి నుంచి వచ్చి ఆయన బల్ల దగ్గర నిలబడింది.

"ఆ కొక్కెం చూపించు."

ఆయన సీలు తుపాకీని పూర్తిగా విప్పి కొక్కెం చేతిలో పెట్టాడు. బియ్యపు గింజ కంటే కొంచెం పెద్ద అంచు. పిల్ల దాన్ని గోటితో గీరి చూసింది. సూదిని అది ఎక్కడ పట్టుకుంటుందో, మంచు ఎక్కడ కడుతుందో అడిగింది. ఆయన ఒక్కొక్కటే చూపించాడు. ఎక్కడా తన తప్పును తగ్గించి చెప్పలేదు, పెంచి కూడా చెప్పలేదు. అంతా అయ్యాక పిల్ల వసారాలో ఉన్న తన తుపాకీ తెచ్చుకుని మైదానానికి బయలుదేరింది. ఆయన అలవాటుగా ఒక అడుగు వెనక నడవబోయాడు.

"వెనక వద్దు తాతా. పక్కన నడువు."

ఆయన పక్కకు వచ్చాడు.

ఏప్రిల్ మొదట్లో విల్లో పొదల దగ్గర తెల్లటి మంచుకోళ్ళు దిగాయి. పిల్ల మోకాళ్ళ మీద కూర్చుంది. మూతి ఎటుందో చూసింది. తాత ఎటున్నాడో చూసింది. బోల్టు మూసి మళ్ళీ చూసింది. పిడి లాగి, మీట నొక్కింది. పొద మీద కోడి ఒకటి రెక్క విదిల్చి పడిపోయింది. ఆమె బోల్టు తెరిచి, ఖాళీ గుళిక తీసి జేబులో వేసుకుని, అప్పుడు లేచి వెళ్ళి కోడిని తెచ్చింది. దాని మెడ ఇంకా వెచ్చగా ఉంది. నవ్వలేదు, కేక పెట్టలేదు. ఆయనా బాగుందని అనలేదు. ఆ చేతుల్లో దిద్దడానికి ఏమీ మిగల్లేదు.

పిల్ల కొట్టిన మొదటిది ఇంట్లోవాళ్ళు తినకూడదు, పెద్దవాళ్ళకు ఇచ్చెయ్యాలి. ఎవరికో పిల్ల చెప్పలేదు, ఆయన అడగలేదు. మంచు బండిని పరాస్కో ఇంటి ముందు ఆపి ఇంజను కట్టేశాడు. పిల్ల కోడిని పట్టుకుని లోపలికి పోయింది. ఆయన బండి మీదే కూర్చున్నాడు. ఆ వాకిట్లోకి ఆయన వెళ్ళి నెల కావస్తోంది. కిటికీ అవతల ఎవరో కదిలారు, తెర కొంచెం తొలగింది, మళ్ళీ పడింది.

చాలాసేపటికి పిల్ల బయటికి వచ్చింది. చేతిలో గిన్నె ఉంది, కొవ్వులో గిలకొట్టిన ఎర్ర పళ్ళు. బండి ఎక్కి ఆయన వెనక కూర్చుంది.

"ఇది మా ఆయనకు అంది. ఇంకెవరికీ కాదంది," అని చెప్పింది. చెప్పి, కొంచెం ఆగి, గిన్నె ఆయన భుజం పక్కగా ముందుకు చాపింది. "కొంచెం తీసుకో తాతా. చూడట్లేదులే."

"నీకిచ్చింది. నువ్వే తినాలి," అన్నాడు నికిఫర్.

"చల్లారిపోతుంది."

"అది చల్లగానే తింటారు."

పిల్ల ఇంకోసారి అడగలేదు. వెనక చెంచా గిన్నెకు తగులుతున్న చప్పుడు వినపడింది. నికిఫర్ అది ఆగేదాకా కదలకుండా కూర్చుని, ఆగాక తాడు లాగి ఇంజను పెట్టాడు.